బాలనాగమ్మ నిబ్బరం

మాయల ఫకీరు చెరలో ఏళ్ల తరబడి లొంగకుండా నిలబడ్డ ఇల్లాలి కథ బాలనాగమ్మది. జాతర పందిళ్ల నుంచి సురభి నాటకం దాకా, అక్కడి నుంచి వెండితెర దాకా తరాలను దాటి వచ్చింది. ఇలాంటి కల్పిత కథానాయికలు నిజ జీవితంలో ఆడపిల్లలకు నిజంగానే ధైర్యం ఇస్తారా? ఇస్తారనడానికి మన పల్లెల్లోనూ, ప్రపంచంలోనూ దాఖలాలు ఉన్నాయి.

ఇంట్లో భర్త లేని వేళ. ఉయ్యాల్లో పసిబిడ్డ. వాకిట్లో బిచ్చగాడి వేషంలో మాయలమారి. భిక్ష తెచ్చిన ఇల్లాలి మీద మంత్రం పడుతుంది. ఆమె కుక్కగా మారి అతని వెంట, అతను ఉండే నాగళ్లపూడి గట్టు దాకా నడుస్తుంది. వెతుక్కుంటూ వచ్చిన భర్త కార్యవర్ధిరాజు రాయైపోతాడు. తోడుగా వచ్చినవాళ్లకూ అదే గతి పడుతుంది.

ఇక వచ్చి విడిపించేవాళ్లు లేరు. ఆమె చేతిలో కత్తి లేదు, నోట మంత్రం లేదు. ఎదుట ఉన్నవాడికి మనుషుల్ని రాళ్లు చేసే విద్య ఉంది. అయినా బాలనాగమ్మ అతనికి లొంగదు. నోము పట్టానని, అది తీరేదాకా తనను తాకరాదని చెబుతుంది. ఎన్నేళ్ల నోము అన్నది కథ చెప్పేవాళ్లను బట్టి మారుతుంది. ఉయ్యాల్లో వదిలి వచ్చిన కొడుకు పెరిగి, తల్లిని వెతుక్కుంటూ వచ్చేదాకా ఆ గడువు నిలిచిందన్న మాట మాత్రం మారదు.

తెలుగు నేల మీద పుట్టిన అద్భుత కథల్లో ఇంత నిబ్బరమున్న కథానాయిక అరుదు. ఆమె యుద్ధం చేయదు, ఏడుస్తూ కూర్చోదు. ప్రతి రోజూ 'వద్దు' అని చెప్పి ఆ రోజును గెలుస్తుంది.

జాతర రాత్రుల్లో పెరిగిన కథ

ఈ కథ పెరిగిన జాతర రాత్రుల సంగతి అనకాపల్లి నుంచి మొదలుపెడదాం. అనకాపల్లి అనగానే బెల్లం గుర్తొస్తుంది, ఆ వెంటనే గవరపాలెం నూకాంబిక అమ్మవారు. ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్యకు ఇక్కడ జాతర మొదలవుతుంది. ఉత్తరాంధ్ర నలుమూలల నుంచీ జనం తరలివస్తారు. నూకరత్నం, నూకాలమ్మ, నూకరాజు అన్న పేర్లు ఈ చుట్టుపక్కల వీధి వీధినా వినిపిస్తాయి. బిడ్డకు పేరు పెట్టేటప్పుడు ఆ పేరుతో పాటు కాస్త రక్షణ, కాస్త బలం కూడా రావాలని కోరుకోవడం ఇక్కడి తల్లులకు తెలిసిన పద్ధతే. అమ్మవారి మీద భక్తి వేరు, కథలోని నాయిక మీద ఇష్టం వేరు. కానీ బాలనాగమ్మ అన్న పేరునూ తెలుగువాళ్లు తమ కూతుళ్లకు పెట్టుకున్నారు. మాయలమారి చేతికి చిక్కిన ఆమె కష్టం బిడ్డకు రావాలని ఏ తల్లీ పెట్టదు. ఆ కష్టంలోంచి బయటపడ్డ తెగువ చూసి పెడుతుంది.

ఉత్తరాంధ్ర జాతరల్లో తప్పెటగుళ్లు, కోలాటం, జముకుల కథ, బుర్రకథ రాత్రి పొద్దుపోయేదాకా సాగేవి. బుర్రకథలో మధ్యన తంబురా భుజాన వేసుకుని కథకుడు, అటూ ఇటూ డక్కీలు వాయించే వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, ఇంకో వంత లోకం పోకడ గురించి మాట్లాడతాడు. ఈ అమరికలో ఓ వెసులుబాటు ఉంది. కథ ఆపి, ఆ ఊరి సంగతి మాట్లాడి, మళ్లీ కథలోకి వెళ్లొచ్చు. ఫకీరు దౌర్జన్యం గురించి చెబుతూ చెబుతూ ఊళ్లో తాగొచ్చి పెళ్లాన్ని కొట్టేవాడికి వంత చేత ఓ చురక వేయించవచ్చు. చాప మీద కూర్చుని వింటున్న ఆడవాళ్లకు కథలోని గట్టుకూ తమ వీధికీ మధ్య దూరం అప్పుడు ఇట్టే తగ్గిపోతుంది.

ఈ కళారూపాన్ని జనోద్యమాలు ఊరికే అక్కున చేర్చుకోలేదు. 1940ల్లో ప్రజానాట్యమండలి పాత జంగం కథను కొత్త బుర్రకథగా మలిచి ఊరూరా తిప్పింది. బుర్రకథకుడు షేక్ నాజర్ పేరు ఇంటింటా వినిపించింది. మోటూరి ఉదయం వంటి మహిళలు దళంగా ఏర్పడి తామే వేదికెక్కారు. పరాయి మగవాళ్ల ముందు ఆడది గొంతెత్తడమే తప్పనుకునే రోజులవి. కథానాయికల తెగువ గురించి చెప్పాలంటే ముందు చెప్పే మనిషికి తెగువ కావాలి. వాళ్లు ఆ పని చేసి చూపించారు.

ఒకే ఒక్క ప్రశ్న

బాలనాగమ్మ కథలో అందరికీ గుర్తుండేది చిలక. ఏడు సముద్రాల అవతల ఉన్న ఆ చిలకలో ఫకీరు ప్రాణం దాగి ఉంటుంది. కొడుకు బాలవర్ధిరాజు సాహసయాత్ర చేసి దాన్ని పట్టి తెస్తాడు. దాని మెడ విరిస్తే ఇక్కడ ఫకీరు కూలిపోతాడు. పిల్లలు ఊపిరి బిగబట్టి వినే ఘట్టం ఇదే.

అయితే ఆ చిలక ఎక్కడుందో బాలవర్ధికి చెప్పిందెవరు? అతను పూలమ్మే అవ్వ దగ్గర మనవడి వేషంలో చేరి, ఎలాగో తల్లిని కలుస్తాడు. ఫకీరు ప్రాణరహస్యం కనుక్కోమని అడుగుతాడు. అక్కడి నుంచి కథ బాలనాగమ్మ చేతిలోకి వస్తుంది. ఇన్నేళ్లూ దూరం పెట్టిన మనిషితో ఆమె ఇప్పుడు మెత్తగా మాట్లాడాలి. ఆమె మాట తీరు మారిందన్న అనుమానం అతనికి రాకూడదు. మాట తూలితే తన ప్రాణంతో పాటు కొడుకు ప్రాణం కూడా పోతుంది. భయం లోపల ఉంచుకుని, ముఖాన చిరునవ్వు తెచ్చుకుని, నీ ప్రాణం ఎక్కడ భద్రంగా ఉందని అడుగుతుంది. ఫకీరు మురిసిపోయి చెప్పేస్తాడు.

కొడుకు సముద్రాలు దాటడానికి ఎంత సాహసం కావాలో, ఆ గదిలో ఆ ప్రశ్న అడగడానికీ అంతే సాహసం కావాలి. మనం వింటూ వచ్చిన కథల్లో మొదటిదానికే చప్పట్లు ఎక్కువ పడ్డాయి. రెండోది మాత్రం ఆడవాళ్లు ఎక్కువగా గుర్తుపట్టగల ధైర్యం. కోపిష్టి మనిషి ఉన్న ఇంట్లో ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో, ఏ కాగితం ఎక్కడ దాచాలో లెక్కలు వేసుకుంటూ బతికే ఇల్లాలికి బాలనాగమ్మ పరాయి మనిషి కాదు.

తెర మీద కాంచనమాల

1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో 'కీచకవధ' నాటకంతో మొదలైన సురభి నాటక సమాజాలు బాలనాగమ్మను రంగస్థలం మీదికి తెచ్చాయి. తీగల మీద ఎగిరే పాత్రలు, కళ్ల ముందే మారిపోయే తెరలు, మంటలు, పొగలు చూడటానికి జనం ఎగబడ్డారు. ఆడవేషాలు మగవాళ్లే కట్టే కాలంలో సురభి కుటుంబాల స్త్రీలు స్వయంగా స్త్రీ పాత్రలు వేశారు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించిన సురభి కమలాబాయి ఆ కుటుంబాల నుంచి వచ్చినవారే.

1942 డిసెంబరులో జెమినీ సంస్థ 'బాలనాగమ్మ'ను సినిమాగా విడుదల చేసింది. నిర్మాత ఎస్.ఎస్. వాసన్, దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్య. మాయల మరాఠీగా (ఫకీరుకు సినిమాలో పేరు) గోవిందరాజుల సుబ్బారావు, అతని ప్రేయసి సంగుగా పుష్పవల్లి, బాలనాగమ్మగా కాంచనమాల. అప్పటికే 'మాలపిల్ల'తో కాంచనమాల తెలుగువాళ్ల అభిమాన తార. 'బాలనాగమ్మ' ఘన విజయం సాధించింది. 1959లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అంజలీదేవి బాలనాగమ్మగా, ఎస్.వి. రంగారావు మాంత్రికుడిగా మళ్లీ తెరకెక్కింది.

కాంచనమాల నిజ జీవితం మాత్రం కథలా మలుపు తిరగలేదు. నిర్మాణ సంస్థతో ఒప్పందం దగ్గర వచ్చిన వివాదం ఆమె సినిమా జీవితాన్ని ఆపేసింది. తర్వాత ఆమె మానసికంగా కుంగిపోయారు. 1963లో 'నర్తనశాల'లో ఓ చిన్న పాత్రలో కనిపించారు. 1981లో కన్నుమూశారు. ఎంత గొప్ప నాయిక పాత్రయినా ఒంటరి మనిషికి అన్ని వేళలా కవచం కాలేదని ఆ జీవితం చెబుతుంది. బాలనాగమ్మకు చివరికి కొడుకు వచ్చాడు, పూలమ్మే అవ్వ ఇంట్లో చోటిచ్చింది. కాంచనమాలకు అలాంటి ఆసరా వేళకు అందలేదు. కథ గుండెకు బలమిస్తుంది. ఆ బలం నిలబడాలంటే పక్కన మనుషులుండాలి.

పుస్తకాల్లో వెతికితే

అద్భుత కల్పన తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. 16వ శతాబ్దంలోనే పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాశాడు. అందులో ద్వారక వేశ్య కలభాషిణికి ఆకాశంలో వెళుతున్న రంభా నలకూబరుల మాటలు వినపడతాయి. వాటి మీద పుట్టిన కుతూహలమే ఆమెను కథలోకి లాక్కుపోతుంది. సింహవాహనం మీద వచ్చిన సిద్ధుడు ఆమెను దేవి గుడికి బలి కోసం తీసుకుపోయేదాకా వెళుతుంది వ్యవహారం. తెలుసుకోవాలన్న తహతహ ఆడమనిషిని ఎంత దూరం తీసుకెళ్లగలదో నాలుగు వందల ఏళ్ల పైబడిన ఈ కావ్యం చూపిస్తుంది.

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 'కాశీమజిలీ కథలు' మరో గని. కాశీకి నడిచిపోతూ మజిలీ మజిలీకీ మణిసిద్ధుడు గొల్లపిల్లవాడికి చెప్పే కథల్లో రాకుమార్తెలు చదువుకుంటారు, వాదిస్తారు, మగవేషం వేసుకుని ఊళ్లు దాటతారు. 'సహస్ర శిరచ్ఛేద అపూర్వ చింతామణి' కథలోని రాకుమారి ప్రశ్నలు వేస్తుంది, జవాబు చెప్పలేనివాళ్ల తలలు తీయిస్తుంది. ఆమె క్రూరత్వాన్ని ఎవరూ మెచ్చుకోరు. కానీ తన పెళ్లికి తానే షరతు పెట్టే ఆడపిల్లను మనవాళ్లు ఆనాడే ఊహించారు.

1947 జులైలో మొదలైన 'చందమామ' తెలుగు పిల్లలకు అద్భుత లోకాన్ని నెలనెలా ఇంటికి తెచ్చింది. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క' మొదలుకుని ఎన్నో ధారావాహికలు, వాటికి చిత్రా వేసిన బొమ్మలు ఓ తరం మొత్తానికి ఊహాశక్తినిచ్చాయి. వాటిలో సాహసం చేసే యువకులే ఎక్కువ. ఆడపిల్లలు ఆ గుర్రాల మీద మనసులోనే ఎక్కి తిరిగారు. అలా తిరిగిన అమ్మాయిలకు తమలాంటి నాయిక కావాలన్న కోరిక పుట్టడం సహజం.

నాయిక బొమ్మ కాదు

ఇంగ్లిష్ అద్భుత సాహిత్యం ఆ కోరికను కాస్త ముందే తీర్చింది. 1865లో లూయిస్ కారల్ ఆలిస్‌ను కుందేలు బొరియలోకి పంపాడు. 1900లో ఫ్రాంక్ బామ్ సృష్టించిన డొరొతీ తుపానులో ఎగిరిపోయి కూడా ఇంటిదారి వెతుక్కుంది. 1962లో మడలీన్ లెంగిల్ రాసిన 'ఎ రింకిల్ ఇన్ టైమ్'లో మెగ్ మరీ అనే అమ్మాయి ఉంటుంది. కళ్లద్దాలు, పళ్లకు తీగలు, బళ్లో చీవాట్లు, ముక్కు మీద కోపం. తప్పిపోయిన తండ్రి కోసం గ్రహాలు దాటి వెళ్లేది ఆ పిల్లే. ఈ పుస్తకాన్ని చాలామంది ప్రచురణకర్తలు తిప్పి పంపారు. చివరికి అచ్చయ్యాక మరుసటి ఏడాదే పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం గెలిచింది.

అమెరికా వ్యోమగామి జానిస్ వాస్ ఈ పుస్తకమే తనకు దారి చూపిందని రచయిత్రితోనే చెప్పారు. వాస్ 1993 నుంచి 2000 దాకా ఐదుసార్లు అంతరిక్షానికి వెళ్లొచ్చారు. ఓ పిల్ల చదువుకున్న కల్పిత ప్రయాణం పెద్దయ్యాక రాకెట్‌లో నిజమైంది.

సుజానే కాలిన్స్ 2008లో రాసిన 'ది హంగర్ గేమ్స్' నాయిక కాట్నిస్ మూడు వేళ్లు పైకెత్తి సెల్యూట్ చేస్తుంది. 2014లో థాయ్‌లాండ్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నప్పుడు అక్కడి యువతీయువకులు వీధుల్లో అదే సెల్యూట్ చేశారు. అందుకు కొందరిని అదుపులోకి తీసుకున్నారు కూడా. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు జరిగినప్పుడు ఆ మూడు వేళ్లే మళ్లీ లేచాయి. కథలోని ఒక అమ్మాయి సంజ్ఞ తుపాకీల ముందు నిలబడేవాళ్ల గుర్తుగా మారింది.

హ్యారీ పోటర్ చదివిన మన పిల్లలకు హెర్మయినీ బాగా తెలుసు. ఆమె అమ్మానాన్నలు మంత్రగాళ్లు కారు. పుట్టుక ఎత్తి చూపి ఆమెను తిట్టేవాళ్లుంటారు. ఆమె దానికి జవాబుగా అందరికంటే ఎక్కువ చదువుతుంది, అవసరమైనప్పుడు చెయ్యి కూడా చేసుకుంటుంది. కులం పేరుతో, ఊరి పేరుతో మాటలు పడ్డ తెలుగు అమ్మాయికి ఆ తిట్టు ఎక్కడ తగులుతుందో వివరించి చెప్పనక్కర్లేదు.

'ఆమె అయితే ఏం చేసేది?'

కథానాయిక ధైర్యం చదివేవాళ్లకు ఎలా సంక్రమిస్తుంది? 2017లో 'చైల్డ్ డెవలప్‌మెంట్' పత్రికలో వచ్చిన ఓ అమెరికన్ అధ్యయనం ఆసక్తికరమైన సంగతి చెప్పింది. 4, 6 ఏళ్ల వయసున్న 180 మంది పిల్లలకు కంప్యూటర్ మీద విసుగు పుట్టించే పని ఒకటి అప్పజెప్పారు. పక్కనే ఆడుకోవడానికి ఐప్యాడ్ పెట్టారు. కొందరిని 'నేను కష్టపడుతున్నానా' అని తమను తాము అడుగుతుండమన్నారు. కొందరిని తమ పేరుతో అడగమన్నారు. ఇంకొందరిని తమకిష్టమైన పాత్రలా ఊహించుకోమన్నారు. బ్యాట్‌మ్యాన్, డోరా, రపుంజెల్ లాంటివన్నమాట. 'డోరా కష్టపడుతోందా' అని తమను తాము అడిగిన పిల్లలే పని మీద ఎక్కువసేపు నిలిచారు.

కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. కష్టంలో ఉన్నప్పుడు మన భయమే మనకు పెద్దగా కనిపిస్తుంది. ఒక అడుగు వెనక్కి వేసి, 'నా బదులు ఆమె ఇక్కడుంటే ఏం చేసేది' అని అడిగితే ఆలోచనకు చోటు దొరుకుతుంది. బుర్రకథ వింటున్న ఇల్లాలు మనసులో చేసేదీ ఇదే. పరిశోధకులు కొలిచి చూపించిన దాన్ని మన కథకులు పందిట్లో ఏనాడో వాడుకున్నారు.

సీతమ్మ కథ చదివి

కల్పిత నాయిక ఒక రాష్ట్రం చట్టాన్నే కదిలించిన సందర్భం మన దగ్గరే ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం ఊపుగా సాగింది. రాత్రిబడుల్లో మహిళలు చదివిన వాచకాల్లో 'సీతమ్మ కథ' ఒకటి. సారా వల్ల చితికిపోయిన సంసారం గురించి, సీతమ్మ అనే పాత్ర గురించి ఆ పాఠం. అందులో రెక్కల గుర్రాలు లేవు, మంత్రాలు లేవు. చదివినవాళ్లకు అందులో తమ ఇల్లు కనిపించింది. ఆ జిల్లాలోని దూబగుంట మహిళలు కదిలి తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1992 నాటికి అది జిల్లాలు దాటిన ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది.

మద్య నిషేధం తర్వాత సడలిపోయిందన్నది మరో చర్చ. అక్షరాలు కూడబలుక్కుంటున్న మహిళలు ఒక పాఠంలోని స్త్రీని చూసి సారా దుకాణం ముందు నిలబడ్డారన్నది మాత్రం చరిత్ర. సీతమ్మ ఒక్కతే చేయలేని పని ఆ కథను కలిసి చదివినవాళ్లు చేశారు.

ఓల్గా 'విముక్త' కథల్లో సీతకూ ధైర్యం ఇలాగే దొరుకుతుంది. ఆ కథల్లో ఆమె శూర్పణఖనూ, అహల్యనూ, రేణుకనూ, ఊర్మిళనూ కలుస్తుంది. ఒక్కొక్కరి అనుభవం వింటూ తన దారి తాను తేల్చుకుంటుంది. ఈ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఒక నాయిక ఇంకో నాయిక దగ్గర ధైర్యం తెచ్చుకోవడం తెలుగు పాఠకులకు అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

అచ్యుతాపురం బస్సు వేళకు

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైంది. పొద్దున్నే ఇక్కడి రోడ్ల మీద ఆడపిల్లలు బ్యాగులు, క్యారేజీలు పట్టుకుని బస్సుల కోసం నిలబడతారు. కొందరు కాలేజీలకు, కొందరు విశాఖకు, మరెందరో అచ్యుతాపురం దుస్తుల తయారీ కర్మాగారాలకు. వాళ్లలో చాలామంది తమ ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి ఆడవాళ్లు. జీతం వచ్చినంత మాత్రాన ఇంట్లో మాట చెల్లుబాటు కాదని వాళ్లకు తెలుసు. బస్సులో మీద పడేవాడితో, వద్దన్న సంబంధం ఖాయం చేసే పెద్దవాళ్లతో, జీతం మొత్తం చేతిలో పెట్టమనే భర్తతో రోజూ వ్యవహారం నడపాలి. కత్తి తీసి నరికే నాయిక వాళ్లకు సంబరమిస్తుంది. 2009లో 'అరుంధతి' సినిమా చూసి ఈలలు వేసినవాళ్లలో ఆడపిల్లలూ ఉన్నారు. కానీ మర్నాడు పొద్దున బస్సెక్కేటప్పుడు పనికొచ్చే ధైర్యం మాత్రం బాలనాగమ్మదే. గడువు అడగాలి, సమాచారం రాబట్టాలి, నమ్మకమైన మనిషిని వెతుక్కోవాలి, అదను చూసి దెబ్బ తీయాలి.

ఆ నమ్మకమైన మనుషులు ఇవాళ కథలో కంటే దగ్గరగానే ఉన్నారు. మహిళల సహాయ నంబరు 181, పిల్లలకైతే 1098, ఆపదలో 112. ఇంట్లో హింస పడుతున్నవాళ్లకు వన్ స్టాప్ కేంద్రాలున్నాయి. ఈ నంబర్లు గోడల మీద రాసినంత మాత్రాన ఎవరూ ఫోను తీయరు. తీయడానికి ముందు 'నాకు జరుగుతున్నది తప్పు, నేను వద్దనవచ్చు' అన్న మాట లోపల గట్టిపడాలి. చిన్నప్పుడు విన్న కథ చేసే పని అక్కడే.

అందుకే బడిలో, గ్రంథాలయంలో, ఇంట్లో ఈ కథలు చెప్పే తీరు కాస్త మారాలి. చిలకను పట్టడానికి వెళ్లిన బాలవర్ధితో పాటు సముద్రాలు దాటే కథ మనకు వచ్చు. ఆ సమయంలో గట్టు మీద ఉన్న తల్లి ఏం చేస్తూ ఉంది? ఫకీరుకు అనుమానం రాకుండా ఏం మాట్లాడింది? అసూయతో రగిలే సంగును ఎలా నెట్టుకొచ్చింది? నోము గడువు దగ్గర పడుతుంటే రాత్రుళ్లు ఏం ఆలోచించింది? ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ నాలుగు ప్రశ్నలూ ఇచ్చి బాలనాగమ్మ వైపు నుంచి కథ రాయమని ఏ తెలుగు మాస్టారైనా అడగవచ్చు. అలా రాసినవాటిలో బాగున్నవి బడి వార్షికోత్సవంలో బుర్రకథగా చెప్పించవచ్చు. తంబురా ఈసారి ఒక అమ్మాయి భుజాన ఉంటే మరీ మంచిది.